చందమామ బేతాళుడు ఎక్కడివాడు: ప్రతిష్ఠానమా, మద్రాసా?

పుస్తకాల పెట్టె (ప్రశ్న)

మొన్న ఒక పెళ్ళిలో భోజనాలయ్యాక మా బావగారికీ నాకూ మాటా మాటా పెరిగింది. చందమామలో నెలనెలా చదివిన బేతాళ కథలన్నీ సంస్కృతంలోంచి దించినవేననీ, మనవాళ్ళు చేసిందల్లా బొమ్మలు వేసి అచ్చొత్తడమేననీ ఆయన వాదన. పేరు పాతదే అయినా, మనం చిన్నప్పుడు ఎరిగిన బేతాళుడు చందమామ సొంత సృష్టి అని నేనన్నాను గాని, నిరూపించమంటే నోరు మెదపలేకపోయాను. విక్రమార్కుడంటే ఉజ్జయిని రాజేనా అన్న దగ్గర ఇద్దరమూ తడబడ్డాం. తెలిసినవారు చెప్పగలరని ఇక్కడ అడుగుతున్నాను.

గోదావరి గట్టు

న్యాయం మీ బావగారి వైపే ఉంది. కాశ్మీర కవి సోమదేవుడు 11వ శతాబ్దంలో, అనంతరాజు భార్య సూర్యమతీదేవి వినోదం కోసం కూర్చిన కథాసరిత్సాగరంలో, శశాంకవతి అనే పన్నెండో లంబకంలో, అంటే పన్నెండో భాగంలో, ఈ 25 కథలూ వరుసగా ఉన్నాయి. క్షాంతిశీలుడనే భిక్షువు రోజూ సభకు వచ్చి రాజుకు ఒక పండు ఇచ్చి వెళ్ళడం, రాజు దాన్ని కోశాధికారి చేతిలో పెట్టడం, ఒకనాడు పెంపుడు కోతి కొరికితే పండులోంచి రత్నం బయటపడడం, శ్మశానంలో శింశుపా చెట్టుకు వేలాడే శవాన్ని తెమ్మని భిక్షువు కోరడం, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్న బెదిరింపు, నోరు విప్పగానే శవం మళ్ళీ చెట్టెక్కడం అన్నీ అక్కడివే. చందమామ వీటిలో దేన్నీ కొత్తగా కనిపెట్టలేదు.

ఇక రాజు సంగతి. సోమదేవుడి రాజు ఉజ్జయినివాడు కాడు. గోదావరి ఒడ్డున ఉన్న ప్రతిష్ఠానాన్ని, అంటే నేటి మహారాష్ట్రలోని పైఠణ్‌ను ఏలిన త్రివిక్రమసేనుడు. (నా పేరు చూసి పక్షపాతమనుకోకండి, ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను.) ఉజ్జయిని విక్రమాదిత్యుడి కథ అదే గ్రంథంలో చివరిదైన పద్దెనిమిదో లంబకంలో వేరుగా ఉంది. తరవాతి కాలంలో ఇద్దరూ కలిసిపోయి, 1805లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల కోసం హిందీలో తయారైన బైతాల్ పచ్చీసీ నాటికి శవాన్ని మోసేది విక్రముడే అయ్యాడు. తెలుగులో 15వ శతాబ్దంలోనే జక్కన విక్రమార్క చరిత్రము, కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశిక వెలువడ్డాయి కాబట్టి ఆ పేరు మనకు అప్పటికే ఇంటింటా తెలిసినదే. త్రివిక్రమసేనుడంటే ఎవరికి పడుతుంది?

సిరాబుడ్డి

గోదావరి గట్టు గారు చెప్పిన వివరాల్లో తప్పు లేదు, వాటినుంచి తీసిన తీర్మానంతోనే నాకు పేచీ. మూలంలో ఉన్నవి 25 కథలు. నెలకొకటి చొప్పున వేస్తే రెండేళ్ళ ఒక నెలకు సరుకు అయిపోవాలి. చందమామలో ఈ శీర్షిక దశాబ్దాల తరబడి నడిచింది. ఆ కథలన్నీ ఎక్కడినుంచి వచ్చాయి? జవాబు ఆ పత్రికే ప్రతి కథ కింద అచ్చు వేసింది: కుండలీకరణాల్లో "కల్పితం" అనే మాట పాత సంచిక తెరిచిన ఎవరికైనా కనిపిస్తుంది. తరవాతి సంచికల్లో ఆధారం ఫలానా వారి రచన అని బయటి రచయితల పేర్లు కూడా వచ్చాయి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా సంపాదకత్వపు బరువు మోసిన కొడవటిగంటి కుటుంబరావు, ఆయన తోటి సంపాదకవర్గం వచ్చిన కథను తిరగరాసి చందమామ భాషలోకి తెచ్చేవారన్నది అందరికీ తెలిసినదే.

అంతకన్నా ముఖ్యమైనది ప్రశ్న స్వభావం. సోమదేవుడి బేతాళుడు "ఎవరు" అని అడుగుతాడు. ఈ పాపం ఎవరిది, ముగ్గురిలో ఎవరు గొప్ప, ఈమె ఎవరి భార్య? చాకలి ధవళుడి తలా బావమరిది తలా తారుమారై అతుక్కున్నప్పుడు, మదనసుందరికి భర్త ఎవరని అడిగితే, అవయవాల్లో తలే ప్రధానం కనుక భర్త తల ఉన్నవాడే అని రాజు తీర్పు చెబుతాడు. చందమామ బేతాళుడు "ఎందుకు" అని అడుగుతాడు. అర్ధరాజ్యం ఇస్తానన్నా అతడు ఎందుకు కాదన్నాడు, అహంకారమా, భయమా, తెలివితక్కువతనమా? విక్రమార్కుడు ఈ మూడూ కావని చెప్పి, ఆ మనిషి మనసులోని మాట బయటపెడతాడు. అక్కడ రాజు న్యాయాధికారి, ఇక్కడ మనసులు చదివేవాడు. పిల్లలు పేజీ తిప్పకుండా ఒక్క క్షణం ఆగి తామే జవాబు వెతుక్కున్నది ఈ రెండో రకం ప్రశ్నకే.

మరొకటి, సోమదేవుడి కథకు అంతం ఉంది. తండ్రీ కొడుకులు దారిలో ఆడవాళ్ళ అడుగుజాడలు చూసి, పెద్ద పాదాలామెను తండ్రి, చిన్న పాదాలామెను కొడుకు పెళ్ళాడాలని ఒప్పందం చేసుకుంటారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి, చిన్నవి తల్లివి. మాట తప్పలేక తండ్రి కూతురిని, కొడుకు తల్లిని చేసుకుంటారు. వాళ్ళకు పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారు? ఈ 24వ ప్రశ్నకు రాజు నిజంగానే జవాబు తెలియక మౌనంగా నడుస్తాడు. బేతాళుడు మెచ్చి భిక్షువు కుట్ర చెప్పేస్తాడు, సాష్టాంగం ఎలా చేయాలో చూపమని అడిగి రాజు అతడి తల నరుకుతాడు. చందమామలో ఆ రాజు శ్మశానం చేరనే చేరడు. పిల్లల బేతాళుణ్ణి చేసింది ఈ అంతం లేకపోవడమే.

తాటాకు

బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక చేత కత్తి, భుజాన శవం, చుట్టూ పుర్రెలు, ముందుకు వేసిన అడుగు. 1952లో చందమామలో చేరిన చిత్రకారుడు శంకర్ గీసిన ఆ రాజు దేశంలోని ఎన్నో భాషల పిల్లలకు ఒకే ముఖంతో తెలుసు. ఆయన 2020లో తొంభై ఏడో ఏట పోయినప్పుడు నివాళుల్లో ఎక్కువగా కనిపించింది కూడా ఆ బొమ్మే. అన్నట్టు, సంస్కృత వేతాళుడు తెలుగులో బేతాళుడు. ఒత్తు పెట్టి "భేతాళుడు" అని రాయడం భయం కలిసిరావాలని కాబోలు.

గోదావరి గట్టు

సిరాబుడ్డి గారి "ఎవరు, ఎందుకు" అన్న విభజన బాగుంది గాని, పూర్తిగా నిలవదు. కనీసం మూడు కథలు దానికి లొంగవు. కొరత వేయబోయే దొంగ మొదట ఏడ్చి తరవాత ఎందుకు నవ్వాడు? ముసలి తపస్వి, చనిపోయిన యువకుడి శరీరంలోకి వెళ్ళే ముందు ఎందుకు ఏడ్చాడు, ఎందుకు ఆడాడు? అన్నింటికన్నా బలి కాబోయే బ్రాహ్మణ బాలుడి కథ చూడండి. బ్రహ్మరాక్షసుడి ఎదుట తల్లి ఆ పిల్లవాడి చేతులు పట్టుకుంది, తండ్రి కాళ్ళు పట్టుకున్నాడు, రాజు కత్తి ఎత్తాడు. పిల్లవాడు నవ్వాడు. ఎందుకు? ఆపదలో పిల్లవాడు మొరపెట్టుకునేది తల్లిదండ్రులకు, వాళ్ళు లేకపోతే రాజుకు, ఆ పైన దేవతకు. ఇక్కడ వాళ్ళంతా ఒక్కచోట చేరి తన ప్రాణమే కోరుతున్నారని నవ్వాడు. చందమామ "ఎందుకు" అన్న మాట నేర్చుకున్నది ఇలాంటి కథల దగ్గరే అని నా అభిప్రాయం.

రాజు విషయంలో నేను చెప్పకుండా వదిలేసినది ఒకటి ఉంది. 25వ కథ చివర శివుడు ప్రత్యక్షమై, పూర్వం నిన్ను నా అంశతో విక్రమాదిత్యుడిగా సృష్టించాను, ఇప్పుడు త్రివిక్రమసేనుడిగా సృష్టించాను అని రాజుతో అంటాడు. ఇద్దరినీ ఒకటి చేయడం సోమదేవుడే మొదలుపెట్టాడన్నమాట.

సిరాబుడ్డి

ఆ మూడు కథలూ మరిచాను, ఒప్పుకుంటున్నాను. అయితే 25లో మూడింట ఉన్న పద్ధతిని ఏరుకుని, దాన్నే నెలనెలా నడిచే శీర్షికకు నియమంగా పెట్టుకున్నది మాత్రం మద్రాసులోనే. విత్తనం ప్రతిష్ఠానానిదే కావచ్చు, ఏపుగా పెంచింది మద్రాసులో చందమామ కార్యాలయం ఉన్న వడపళనిలో.

పుస్తకాల పెట్టె

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ మొత్తం బావగారికి పంపాను. చందమామ గురించి ఆయన ఇంకా ఏమీ అనలేదు. పొద్దున్నుంచి కాగితం మీద ఆ తండ్రీ కొడుకులకూ తల్లీ కూతుళ్ళకూ వంశవృక్షం గీస్తూ, ఆ పిల్లల వరస మేనమామ దగ్గర మొదలుపెట్టి తాత దగ్గర తేల్చి, మళ్ళీ కొట్టేస్తున్నారని మా అక్క ఫోన్ చేసి చెప్పింది.