ఒకే బ్యారెల్‌తో పాత టిప్పర్, కొత్త లారీ రెండూ నడుస్తాయా?

చీమకుర్తి_టిప్పర్
అందరికీ నమస్కారం. నాకు రెండు పాత బీఎస్-3 (పాత పొగ నిబంధనల) టిప్పర్లు, పోయినేడు తీసుకున్న బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) లారీ ఒకటి ఉన్నాయి. టిప్పర్లు క్వారీ దాటి బయటికి రావు. లారీ పోర్టుకు రాళ్లు తోలేది, ఈ రెండు నెలలుగా ఆర్డర్లు లేక క్వారీకీ ఫ్యాక్టరీకీ మధ్య పది కిలోమీటర్లే తిరుగుతోంది. ఇన్నాళ్లూ 15డబ్ల్యూ-40 సీఐ-4 ప్లస్ అనే పాత గ్రేడు ఇంజన్ ఆయిల్ 210 లీటర్ల బ్యారెల్ దింపించుకుని వాడుతున్నా. లారీకి మాత్రం కొత్త గ్రేడు సీకే-4 పొయ్యాలని షోరూం వాళ్లు అంటున్నారు. రెండు బ్యారెళ్లు పెడితే క్లీనర్లు దేన్లో ఏది పోస్తారోనని టెన్షన్. మా మేస్త్రీ అయితే, "రెండూ 15డబ్ల్యూ-40 యే కదా, లారీకీ పాతదే పొయ్యి" అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_మేస్త్రీ
మీ మేస్త్రీ చెప్పింది నిజమే తమ్ముడూ. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నా. అరిగి బోరుకొచ్చిన ఇంజన్లలో ఎక్కువ భాగం ఆయిల్ టైముకు మార్చనివే, తక్కువ రకం ఆయిల్ పోసి పాడైనవి కాదు. కొత్త పేరు రాగానే రేటు పెంచుతారు, అంతే. ఆ డబ్బుతో నాలుగు రోజులు ముందే ఆయిల్ మార్చుకో, ఇంజన్ నిన్ను దీవిస్తుంది.

ఎన్‌హెచ్16
మేస్త్రీ గారూ, పాత బండి వరకు మీ మాట ఒప్పుకుంటా. బీఎస్-6 బండికి మాత్రం ఈ సలహా ఇవ్వొద్దు. నాకు దెబ్బ తగిలింది కాబట్టి చెబుతున్నా. మా డ్రైవర్ దారిలో ఆయిల్ తగ్గినప్పుడల్లా రోడ్డు పక్క షాపుల్లో ఏది దొరికితే అది పోయించాడు. కొన్నాళ్లకు డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలగడం మొదలైంది. ఎన్నిసార్లు రీజనరేషన్ (పట్టిన మసిని వేడితో కాల్చేయడం) చేయించినా మళ్లీ వెలుగుతుంది, ఘాట్ ఎక్కుతుంటే లాగదు. చివరికి ఫిల్టర్ ఊడదీసి శుభ్రం చేయిస్తే, దులిపినప్పుడు పడింది నల్లటి మసి కాదు, తెల్లగా, బూడిద రంగులో మెత్తటి పొడి. ఆ ఒక్కసారి బిల్లుతో ఎన్ని బ్యారెళ్లు వచ్చేవో లెక్క వెయ్యలేదు, వేస్తే నిద్ర పట్టదని.

ల్యాబ్_కోటు
ఆయిల్ పరీక్షలు చేసే చోట పని చేస్తాను, కాస్త వివరంగా చెబుతా. డీపీఎఫ్‌లో రెండు రకాల చెత్త చేరుతుంది. డీజిల్ సరిగా మండక వచ్చే మసి ఒకటి, ఇంజన్‌లో కొద్దికొద్దిగా కాలిపోయే ఆయిల్ వదిలే బూడిద ఇంకొకటి. మసిని రీజనరేషన్ కాల్చేస్తుంది. బూడిద మాత్రం మండదు, మన కట్టెల పొయ్యి సంగతి చూడండి. ఆయిల్‌లో శుభ్రం చేసే గుణం కోసం కలిపే కాల్షియం, మెగ్నీషియం, అరుగుదల తగ్గించే జింకు, ఇవే ఆ బూడిద. సీకే-4లోనూ, దానికి ముందు వచ్చిన సీజే-4లోనూ సల్ఫేటెడ్ యాష్ (ఆయిల్ కాలితే మిగిలే బూడిద) 1.0 శాతం దాటకూడదని ఏపీఐ (ఈ గ్రేడ్లు నిర్ణయించే అమెరికా పెట్రోలియం సంస్థ) నిబంధన. సీఐ-4, సీఐ-4 ప్లస్‌లకు ఆ కట్టడి లేదు. అవి 2002, 2004 నాటివి, అప్పటికి డీపీఎఫ్ లెక్కలోనే లేదు. సీకే-4 వచ్చింది 2016 డిసెంబరులో.

15డబ్ల్యూ-40 అనేది చిక్కదనం మాత్రమే. లోపల ఏ మందులు కలిపారో అది చెప్పదు. రెండు సీసాల మీద ఒకే అంకె ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఒకే బ్యారెల్ కావాలంటే అది సీకే-4 అయి ఉండాలి. సీఐ-4 అడిగే పాత ఇంజన్లకు సీకే-4 పనికొస్తుందని ఏపీఐయే చెబుతోంది, తిరగేసి వాడటమే కుదరదు. ఒక్క జాగ్రత్త: మైలేజీ పెరుగుతుందని ఎవరైనా ఎఫ్ఏ-4 అంటగడితే పాత ఇంజన్లలో పొయ్యకండి. అది పలుచటి రకం, దానికోసం తయారైన ఇంజన్లకే.

ఆటోనగర్_మేస్త్రీ
సరే, ఫిల్టర్ ఉన్న బండికి బూడిద గొడవ ఉందని ఒప్పుకున్నా. టిప్పర్ల సంగతి వేరు. బంకు డీజిల్ పోసేవాళ్లకు మీ లెక్క సరిపోతుంది. క్వారీల్లో డ్రమ్ముల్లో దిగే చవక నూనెలు మీ ల్యాబ్‌కు వచ్చాయా? వాటిలో గంధకం ఎంత ఉంటుందో ఆ దేవుడికే తెలియాలి. అది మండితే పుట్టే యాసిడ్‌ను తట్టుకునే సత్తువ పాత ఆయిల్‌లోనే ఎక్కువ. టిప్పర్లకు సీఐ-4 ప్లస్ తీసేయమనడం నాకు నచ్చలేదు.

ల్యాబ్_కోటు
ఇది సరైన ప్రశ్న, ఈ పాయింట్ మీదే. యాసిడ్‌ను విరిచే శక్తిని టీబీఎన్ అంటాం, చాలా సీఐ-4 ప్లస్ ఆయిళ్లలో అది కాస్త ఎక్కువే ఉంటుంది. గంధకం 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) దాటిన డీజిల్‌తో సీకే-4 వాడితే ఎన్నాళ్లకు మార్చాలో కంపెనీని అడగమని ఏపీఐ కూడా అంటుంది. 2020 ఏప్రిల్ నుంచి మన బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎం మించకూడదు, కాబట్టి బంకు డీజిల్‌తో పేచీ లేదు. డ్రమ్ము నూనె పోసేవాళ్లకు నా జవాబు ఆయిల్ గురించి కాదు, ఆ డ్రమ్ము గురించి.

హార్వెస్టర్_మిర్యాలగూడ
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మన ఎండలకు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ-50 మేలని మా ఊళ్లో అంటారు. నిజమేనా? ఇంకోటి, టిప్పర్‌కు కిలోమీటర్లు చూసి ఆయిల్ మారుస్తున్నారా? క్రషర్ దగ్గర క్యూలో నిలబడి, బాడీ ఎత్తుతూ, రోజంతా ఇంజన్ ఆడినా మీటరు నలభై దాటదు. మా కోత మెషీన్‌కు గంటల మీటరే లెక్క, 250 గంటలకు మార్చేస్తాం. వరి దుమ్ముకు గాలి ఫిల్టర్ రోజూ చూసుకుంటాం. రాతి దుమ్ము అంతకంటే పాపిష్టిది.

ల్యాబ్_కోటు
గంటల లెక్క మాట బాగా చెప్పారు. క్వారీ బండ్ల నుంచి వచ్చే శాంపిళ్లలో సిలికాన్ ఎక్కువగా ఉంటే దాని వెనకే ఇనుము కూడా పెరిగి ఉంటుంది. అంటే దుమ్ము లోపలికి పోయి లైనర్లను గీరుతోందన్నమాట. గాలి పైపు దగ్గర క్లిప్పు లూజుగా ఉంటే సీకే-4 అయినా కాపాడలేదు.

20డబ్ల్యూ-50 సంగతి: రెంటచింతలలో ఎండ మండిపోతున్నా, బయటి వేడిని బట్టి ఆయిల్ వేడి ఎక్కదు. థర్మోస్టాట్, కూలెంటు దాన్ని అదుపులో ఉంచుతాయి. 40 అనే అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనానిది. బుక్కులో 15డబ్ల్యూ-40 ఉంటే అదే పొయ్యండి.

ఎన్‌హెచ్16
ఆయిల్ నల్లబడిందని వెంటనే పారబోసేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఇంజన్‌లో మంచి ఆయిల్ నల్లబడాల్సిందే, మసిని పట్టి ఉంచుతోందని అర్థం. పాలు కలిసినట్టు తెల్లగా మారితేనే భయపడాలి, నీళ్లు దిగినట్టు.

చీమకుర్తి_టిప్పర్
అందరికీ థాంక్స్. టిప్పర్లకు బంకు డీజిలే పోస్తున్నా, కాబట్టి ఇకమీదట సీకే-4 ఒక్కటే తెప్పిస్తా. మిగిలిన అర బ్యారెల్ పాతది టిప్పర్లకే వాడి ఖాళీ చేస్తా, లారీ దగ్గరికి పోనివ్వను. గంటల మీటర్లు బిగించమని కూడా చెప్పా.

ఇంకో సంగతి. ఇదంతా చదివాక పొద్దున్నే లారీ ఆయిల్ గేజు తీసి చూశా. తక్కువ ఉంటుందనుకున్నా, పై గీత మీద వేలెడు ఎత్తున ఉంది. క్లీనర్‌ను అడిగితే ఆయిల్ ఎవరూ పొయ్యలేదంటున్నాడు. వాసన చూస్తే డీజిల్ కొడుతోంది.

ఆటోనగర్_మేస్త్రీ
బండి స్టార్ట్ చెయ్యకు తమ్ముడూ. పది కిలోమీటర్లకే ఆపేస్తుంటే రీజనరేషన్ పూర్తి కాదు, దానికోసం కొట్టిన డీజిల్ కింద ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. ఇంజెక్టర్ కారుతున్నా ఇంతే. ముందు ఆ ఆయిల్ మొత్తం దించేసి, ఇంజెక్టర్లు చూపించు. ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చు, పాతది పారెయ్యకుండా కోసి చూడు, రేకుల మధ్య మెరిసే పొడి ఉంటే ఫోటో ఇక్కడ పెట్టు.