ముందు టైర్లు లోపలి అంచునే అరుగుతున్నాయి

ప్రశ్న: హ్యాచ్‌బ్యాక్, 22 వేల కిలోమీటర్లు. మధ్య గాడి బాగుంది, లోపలి అంచు నున్నగా అయింది. గాలి తక్కువా?

జవాబు 1: గాలి తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయండీ. ఇది చాలావరకు టో తేడా, అంటే ముందు చక్రాలు నేరుగా కాకుండా కాస్త లోపలికో బయటికో తిరిగి ఉండటం. చేత్తో అడ్డంగా నిమరండి: ఒకవైపు నున్నగా, తిరిగొస్తే గరుకుగా తగిలితే అదే. అలైన్‌మెంట్‌కి (చక్రాల కోణాలు సరిచేయించడానికి) ముందే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ని చక్రానికి కలిపే కీలు), లోయర్ ఆర్మ్ బుష్ (సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క) చూపించండి. అవి లూజుంటే సెట్టింగ్ నిలవదు, డబ్బు దండగ. అలైన్‌మెంట్ కొలతల ప్రింటవుట్ అడిగి తీసుకోండి.

జవాబు 2: గాలి మాత్రం పొద్దున్నే, బండి తీయకముందు చూడాలి. డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్‌లో ఉన్నంతే పట్టించండి; టైరు మీద రాసింది గరిష్ఠం.

జవాబు 3: 8-10 వేల కిలోమీటర్లకోసారి టైర్ల చోట్లు మార్చండి (రొటేషన్): ముందువి నేరుగా వెనక్కి, వెనకవి అడ్డంగా ముందుకి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తుంటే అడ్డంగా వద్దు, ఉన్న పక్కనే ముందు వెనక మార్చండి. ఆ అంచు దగ్గర గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగితే రొటేషన్ వద్దు, కొత్తవి వేయించండి.