బినైన్ ట్యూమర్‌ని తెలుగులో ఏమనాలి? గడ్డా, కంతా, కణితా?

పెద్దలకి ఒక డౌటు. మా పిన్నికి దవడ కింద ఎడమపక్క ఉసిరికాయంత గడ్డ, నొప్పి లేదు ఏం లేదు, రెండేళ్ళుగా ఉన్నా పట్టించుకోలేదంట, ఇప్పుడు స్కానింగ్ తీస్తే "కెరోటిడ్ బాడీ ట్యూమర్" అని వచ్చింది. ట్యూమర్ అన్న ముక్క చెవినపడగానే మామ్మ "రాచపుండే తల్లీ" అని కూలబడిపోయింది. డాక్టర్ గారేమో బినైన్ అమ్మా, క్యాన్సర్ కాదు అన్నారు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే ధమని మెడలో రెండుగా చీలే పంగలో బియ్యపుగింజంత ముద్ద అందరికీ ఉంటదంట, రక్తంలో ఆక్సిజన్ తగ్గితే కనిపెట్టడం దాని పని, అది పెరిగితే ఈ గడ్డ. ఆయన వేళ్ళతో పట్టుకుని జరిపితే అటూఇటూ కదిలింది, పైకీ కిందకీ మాత్రం కదల్లేదు. సూది పొడిచి ముక్క తీద్దామని కూడా అనలేదు, లోపలంతా రక్తనాళాలేనంట.

బినైన్ అంటే ఏంట్రా అని పిన్ని అడిగితే పేపర్లలో రాసే "నిరపాయకరమైన కణితి" చెప్పా. "అపాయం లేకపోతే ఆపరేషన్ ఎందుకురా మరి?" అంది. నోరు పెగల్లేదు.

— లాటిన్‌లో ట్యూమర్ అంటే వాపు, అంతే. భయం మనం తగిలించుకున్నదే. ఇక రాచపుండు అంటే పేరులోనే పుండు ఉంది కదండీ, షుగర్ వాళ్ళకి వీపు మీద లేచే పెద్ద సెగగడ్డని కూడా అలాగే అనేవాళ్ళు. తోలు పగలని, చీము పట్టని గడ్డకి ఆ పేరెలా నప్పుద్ది?

— గడ్డ అంటే మా తెలంగాణల ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, మంచుగడ్డ అన్నీ గడ్డలే 😀

— మా విజయనగరం వైపు గెడ్డంటే వాగు. జాగ్రత్తగా పలకండి బాబూ.

— ఈఎన్‌టీలో పనిచేస్తా. మన దగ్గర మెడలో గడ్డ అనగానే ముందు టీబీ గుర్తొస్తది, ఊళ్ళల్లో గండమాల అనేది చాలావరకు అదే. ఇది అరుదు, పెరూ లాంటి కొండదేశాల్లో ఎత్తు మీద బతికేవాళ్ళలో ఎక్కువ, అక్కడ గాల్లో ఆక్సిజన్ తక్కువ కదా. నిరపాయం అన్న మాట నాకూ నచ్చదు, పక్కనే గొంతుకీ నాలుక్కీ వెళ్ళే నరాలుంటాయి, పెరిగేకొద్దీ వాటిని నొక్కుద్ది. నేనైతే పేషెంట్లకి "పాకే గడ్డ కాదమ్మా, ఉన్నచోటే పెరిగే గడ్డ" అంటా.

— సార్, ఇదే కావాల్సింది! ఇప్పుడే ఫోన్ చేసి చెప్పా. "అయితే కంతి అనరా, మా నాయనకీ వీపు మీద ఉండేది, 90 ఏళ్ళు బతికాడు" అని, ఆపరేషన్ శ్రావణమాసం అయ్యాక పెట్టుకోవచ్చేమో కనుక్కోమంది.