హిప్‌హాప్ డబ్బున్నోళ్ళ సరదానా? అసలు ఎక్కడ పుట్టిందో చెప్పండి

రాజోలు_కుర్రోడు:
మాది రాజోలు దగ్గర అండి. నలుగురు ఫ్రెండ్స్ కలిసి తెలుగులో ర్యాప్ (హిప్‌హాప్‌లో బీట్ మీద లయగా మాటలు చెప్పడం) రాస్తున్నాం, రొయ్యల చెరువులొచ్చి పక్కన వరిచేలు ఉప్పెక్కిపోవడం మీద. మా బాబాయ్ విని "అది అమెరికాలో డబ్బున్నోళ్ళ సరదారా, మనకెందుకు" అన్నారు. ఆయనకి ఎదురు చెప్పను గానీ ఆ మాట మింగుడుపడట్లేదు. తెలిసినోళ్ళు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

భీమవరం_బీట్స్:
డబ్బున్నోళ్ళది కానే కాదు తమ్ముడూ. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేట ఉంది, ఊరి మధ్యలోంచి పెద్ద ఎక్స్‌ప్రెస్‌వే వేసి వేల కుటుంబాల్ని ఖాళీ చేయించారు, తర్వాత పనుల్లేవు, ఇన్సూరెన్స్ డబ్బుల కోసం కొందరు ఓనర్లే బిల్డింగులు తగలబెట్టించుకున్నారు, అలాంటి చోట పుట్టింది ఇది. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింద హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోడానికి పార్టీ పెట్టింది. టికెట్టు అమ్మాయిలకి 25 సెంట్లు, అబ్బాయిలకి 50. పాటలేసింది వాళ్ళన్నయ్య క్లైవ్, అందరూ డీజే కూల్ హెర్క్ అంటారు, జమైకా నుంచి వచ్చిన 18 ఏళ్ళ కుర్రాడు.

అతను కనిపెట్టిందేంటంటే, పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ముక్క వస్తుంది చూడు, బ్రేక్ అంటారు, జనం దాని కోసమే కాచుకుని అప్పుడే ఎగురుతున్నారని. కానీ అది కొన్ని సెకన్లలో అయిపోద్ది. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు రెండు టర్న్‌టేబుల్స్ (రికార్డు తిప్పే ప్లేయర్లు) మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయ్యేసరికి రెండోదాంట్లో మొదలెట్టి, ఈలోగా మొదటిది వెనక్కి తిప్పి, ఆ ముక్కని ఎంతసేపు కావాలంటే అంతసేపు సాగదీశాడు. నాకైతే హిప్‌హాప్ మొత్తంలో గొప్ప పని ఇదే, మాటలు తర్వాత వచ్చాయి.

పాలకొల్లు_పిన్ని:
మా నాన్నగారికి బుర్రకథలంటే ప్రాణం బాబూ. కథకుడు ఊళ్ళో సంగతులు కలిపి గుక్క తిప్పుకోకుండా చెప్తుంటే వంతలు అందుకునేవారు. మీ పాటలు వింటే నాకదే గుర్తొస్తది, మనకేం కొత్త కాదు.

అమలాపురం_వినికిడి:
పిన్నిగారూ, పోలిక బాగుందండి, కానీ ఎవరి దారి వాళ్ళదే. హెర్క్‌ది జమైకా, అక్కడ వీధుల్లో పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి పాట మీద మాటలు విసిరే అలవాటు ముందునుంచీ ఉంది. బ్రాంక్స్ పార్టీల్లో కోక్ లా రాక్ అనే అతను మైకులో ఫ్రెండ్స్ పేర్లు పిలుస్తూ మొదలెట్టాడు. 1979లో ర్యాప్ రికార్డు హిట్టయ్యింది, కానీ బాబాయ్ గారికి వినిపించాల్సింది 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ అనే బృందం పేరు మీద వచ్చిన 'ది మెసేజ్' పాట. పగిలిన గాజుపెంకులు, ఎలుకలు, అప్పులోళ్ళు, అంతా పేటలో బతుకే. 2018లో కెండ్రిక్ లమార్ అనే ర్యాపర్ ఆల్బమ్‌కి అమెరికాలో పెద్ద అవార్డు పులిట్జర్ కూడా ఇచ్చారు. ఉప్పెక్కిన చేల మీద రాయడం సరిగ్గా ఆ బాటే తమ్ముడూ, ఆపొద్దు.

రాజోలు_కుర్రోడు:
థాంక్సండీ అందరికీ. ఈ రాత్రికే వినిపిస్తాను. ఒక్క డౌటు, మాకు బీట్ కొనే డబ్బుల్లేవు, ఏం చెయ్యాలి?

భీమవరం_బీట్స్:
కొనడమెందుకు, అమ్మవారి జాతరలో గరగలెత్తినప్పుడు డప్పులు మోగుతాయి కదా, కొట్టేవాళ్ళని అడిగి ఫోన్లో రికార్డు చెయ్యి, అందులో నీకు ఊపొచ్చే ముక్క ఒక్కటి కోసి ఫ్రీ యాప్‌లో లూప్ పెట్టు (అదే ముక్క మళ్ళీ మళ్ళీ మోగేలా), దాని మీద పాడు. పాటలో వాళ్ళ పేర్లు కూడా వెయ్యి.