కిటికీ గ్రిల్లు నీడను చున్నీ మీద అచ్చు డిజైనుగా మార్చడం ఎలా?

ప్రశ్న:
మా పడమటి కిటికీ గ్రిల్లు నీడ సాయంత్రం ఎదురు గోడ మీద భలే పడుతుంది. దాన్ని చున్నీకి బ్లాక్ ప్రింట్ చేయిద్దామని ఉంది. ఫోన్లో తీస్తే అంచులు అలుక్కుపోయినట్టు వస్తున్నాయి. ముక్కలు పక్కపక్కన పెడితే అతుకులు కొట్టొచ్చినట్టు కనబడుతున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు 1:
మసక మీ ఫోన్ తప్పు కాదండీ. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే ఊచకూ నీడకూ మధ్య ప్రతి మీటరు దూరానికి అంచు సుమారు 9 మి.మీ. మసకబారుతుంది. ఊచ మందం 10 మి.మీ., గోడ 3 మీటర్ల దూరం అయితే మసకే 27 మి.మీ.! ముదురు నీడ మిగలనే మిగలదు.

గోడను వదిలేయండి. పాత ఫోటో ఫ్రేము అద్దానికి ట్రేసింగ్ పేపరు అంటించి, గ్రిల్లుకు 30 సెం.మీ. ఇవతల, దానికి సమాంతరంగా నిలబెట్టండి. అప్పుడు నీడ గ్రిల్లు కొలతలోనే పడుతుంది, వంకరపోదు. గది వైపు నుంచి గీస్తే మీ చేతి నీడ అడ్డురాదు. సూర్యుడు 4 నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. ఈ దూరంలో అది 5 మి.మీ. తేడా. కాబట్టి ముందు ఊచలు కలిసే చోట్ల చుక్కలు పెట్టేసి, గీతలు తీరిగ్గా కలుపుకోండి.

నన్నడిగితే గ్రిల్లును ఉన్నదున్నట్టు దించడం కంటే నేల మీద సాగిన నీడే బాగుంటుంది. ఎండ 30 డిగ్రీల ఎత్తులో ఎదురుగా పడితే నిలువు ఊచల నీడ 1.7 రెట్లు సాగుతుంది, అడ్డ ఊచలది మారదు.

జవాబు 2:
అతుకుల సంగతి. గీసిన డిజైనులోంచి 12 సెం.మీ. చదరం తీసుకుని నిలువుగా, అడ్డంగా నాలుగు ముక్కలు చేయండి. ముక్కలను మూలకు మూల మార్చి అతికిస్తే బయటి అంచులు మధ్యలోకొస్తాయి. ఇప్పుడు అతుకు మధ్యలో కూడిక గుర్తులా కనబడుతుంది. అక్కడి గీతలు మాత్రం కలిపి దిద్దండి, కొత్త అంచులను ముట్టుకోవద్దు. అవి వాటంతటవే కలుస్తాయి. తొమ్మిది ప్రతులు తీసి గోడకు అంటించి 3 మీటర్ల దూరం నుంచి చూడండి. అనుకోని చారలు కనబడితే నిలువు వరుసల్లో ఒకటి విడిచి ఒకదాన్ని సగం చదరం కిందికి జరిపి, పక్క అంచుల్లో తెగిన గీతలను మళ్లీ కలిపి దిద్దండి.

ఇంకోటి: కలంకారీ అద్దకానికి పేరున్న పెడనలోలాగా టేకు అచ్చుతో అద్దేటప్పుడు బూడిద ఛాయ రాదు. చెక్క అద్దితే అద్దుతుంది, లేకపోతే లేదు. అందుకని రెండు అచ్చులు చెక్కించండి, ముదురు నీడకొకటి, మసక అంచుకు లేతరంగుదొకటి. లేతరంగు ముదురు కిందికి కనీసం ఒక మిల్లీమీటరు చొచ్చుకుపోవాలి. లేకపోతే అచ్చు ఏ కాస్త జరిగినా మధ్యలో తెల్లగీత పడుతుంది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ. వేపచెట్టు కింద పడే గుండ్రటి వెలుగు మచ్చలు కూడా ఇలాగే తీయొచ్చా? ఆకుల సందులు గుండ్రంగా ఉండవు కదా!

జవాబు 1:
అవి సందుల ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. సందు చిన్నదైతే చాలు, ఏ ఆకారమైనా ఒకటే. వెలుగు 5 మీటర్ల దూరం నుంచి వస్తే మచ్చ సుమారు 4.5 సెం.మీ. ఉంటుంది. ఏటవాలు ఎండకు నేల మీద కోడిగుడ్డులా సాగుతుంది. నిండు గుండ్రం కావాలంటే తెల్ల కాగితం పెట్టిన పరీక్ష అట్టను సూర్యుడికి ఎదురుగా వంచి పట్టండి. గాలి లేని పూట చూసుకోండి, ఆకులు కదిలితే మచ్చలు మాయమవుతుంటాయి.