పాత పేట చరిత్ర ఎలా తెలుసుకోవాలి? మా వీధి ఒక్కటే వంపు తిరిగింది

ప్రశ్న:
నాలుగు నెలల క్రితం ఒక పాత పేటలో ఇల్లు కొనుక్కుని చేరాం. చుట్టుపక్కల వీధులన్నీ స్కేలు పెట్టి గీసినట్టు ఉంటే, మా వీధి మాత్రం మధ్యలో వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గరున్న నాలుగిళ్ల గడపలు రోడ్డు కంటే రెండు మెట్లు కిందికి ఉన్నాయి. ఎవరినడిగినా "చాలా పాత పేట" అంటారు, అంతే. నాకేమో రోజూ అటు నడుస్తుంటే అసలు సంగతి తెలుసుకోవాలని మనసు లాగుతోంది. ఎక్కడ మొదలుపెట్టను?

జవాబు 1:
కాగితాల కంటే ముందు నేలను చూడండి. ముప్పై ఏళ్లు సర్వే పని చేసినవాణ్ణి, నేల అబద్ధం చెప్పదు. అన్నీ తిన్నగా ఉన్నచోట ఒక్క వంపు ఉందంటే, లేఅవుట్ గీసేనాటికే అక్కడ ఏదో ఉంది: కాలువో, పొలం గట్టో, బండి బాటో. గడపల సంగతికొస్తే, పాత తారు తవ్వకుండా పొర మీద పొర వేస్తే ఏ రోడ్డైనా పైకి లేస్తుంది. కానీ వీధంతా కాక వంపు దగ్గరే అలా ఉందంటే అక్కడ నేల మొదటినుంచీ పల్లం. నేనైతే కాలువే అంటాను. వానలప్పుడు ఆ ఇళ్ల గోడలకు చెమ్మ ఎక్కుతోందేమో గమనించండి.

జవాబు 2:
వీధి మూలలు కూడా చూడండి. బార్సిలోనాలోని ఎషాంప్లా పేటలో ప్రతి కూడలిలోనూ ఇళ్ల మూలలు కోసేసినట్టు ఉంటాయి. బళ్లు తేలిగ్గా తిరగాలని, ఎదురొచ్చేవి కనపడాలని 1859 నాటి ప్లానులోనే, దాన్ని గీసిన ఇంజినీరు సెర్దా అలా పెట్టాడు. ఇళ్ల మధ్య తోటలు కూడా ఉండాలన్నాడు. తర్వాత వాటిలో చాలావరకు కట్టడాలతో నిండిపోయాయి. గీసినవాడి ఆలోచన ఒకటి, ఉన్నవాళ్ల అవసరం ఇంకొకటి. ఆ రెండూ కలిస్తేనే పేట.

జవాబు 3:
మీ ఇంటి పాత దస్తావేజుల్లో సరిహద్దులు చదవండి. ఇప్పుడు ఇల్లున్న దిక్కున అప్పట్లో తోటో, కాలువో రాసి ఉండొచ్చు. ఇంకొకటి, పెద్దవాళ్లను "ఎంత పాతది" అని కాదు, "ఇంతకుముందు ఇక్కడ ఏముండేది" అని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అలాగే అడిగాను! వంపు దగ్గరి ఇంట్లో పెద్దావిడ కాపురానికి వచ్చేనాటికి గుమ్మం ముందు కాలువ పారేదట. మూడు రాతి పలకల మీదుగా దాటి ఇంట్లోకి వెళ్లేవారట. అందులో ఒకటి ఇప్పుడు పెరట్లో బట్టలుతికే బండ. చెయ్యి పెట్టి చూశాను. మధ్యలో అరచేయంత మేర నున్నగా అరిగి, కాస్త గుంట పడింది. "అది ఉతుకుడుకి అరిగింది కాదమ్మా, నడకకి" అన్నారావిడ.