ఈగ పిండంలో బీజకణాలను పిలిచేది హెడ్జ్‌హాగేనా? తేలిపోయిందా, తేలలేదా?

గంజాం కుర్రాడు (బరంపురం)
నిన్న ఎమ్మెస్సీ సెమినార్లో దొరికిపోయాను. పండు ఈగ పిండంలో బీజకణాలను (తర్వాత గుడ్లు, వీర్యకణాలు అయ్యేవి) హెడ్జ్‌హాగ్ ప్రోటీన్ జననగ్రంథి వైపు పిలుస్తుందన్నాను. 2001లో దేశ్‌పాండే, షెడ్ల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిందే. మేడమ్ "అది 2009లోనే పోయింది, కూర్చో" అన్నారు. పోయిందా నిజంగా?

పర్లాకిమిడి మాస్టారు
బాబూ, ముందు దారి చూడు. పిండం వెనక కొసన ముప్పై నలభై పోల్ కణాలు పుడతాయి, బీజకణాలయ్యేవి అవే. పిండం ముడుచుకునేటప్పుడు పేగు సంచిలోకి వెళ్ళిపోతాయి, అందులో వాటి గొప్పేమీ లేదు. సొంత నడక అక్కడినుంచే. ట్రె1 జన్యువు పనిచేయకపోతే పేగు గోడే దాటలేవు. దాటాక అడుగువైపు వునెన్ అనే ప్రోటీన్ తరిమేస్తుంది, అందుకే పైకెక్కుతాయి. ఆ పైన రెండు గుంపులై, చెరోపక్క జననగ్రంథి కాబోయే కణాలను చేరతాయి. ఆ కణాల్లో హెచ్‌ఎంజీ కోఏ రిడక్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. 1998లో రూత్ లేమన్ బృందం ఆ ఎంజైమును వేరేచోట పనిచేయిస్తే బీజకణాలు అటే పోయాయి. ఇంతవరకు గొడవ లేదు.

సిరోంచ అక్క
మాస్టారూ, మా నాయన ఏసుకునే కొలెస్ట్రాల్ గోలీ ఆపేది గీ ఎంజైమునే గదా? అంటే ఈగకు కొలెస్ట్రాలే కావాలెనా?

పర్లాకిమిడి మాస్టారు
ఆ గోలీ, అంటే స్టాటిన్, అడ్డేది దాన్నేనమ్మా. కానీ ఈగ కొలెస్ట్రాల్ తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ఇక్కడ పనికొచ్చేది ఆ ఎంజైము నడిపే తయారీ దారిలో పక్కకి చీలే కొమ్మ. అక్కడ తయారయ్యే కొవ్వు తోకను ఏదో సంకేతానికి తగిలిస్తారు. దాన్ని కణం బయటికి పంపేది ఎండీఆర్49 అనే రవాణా ప్రోటీన్ అని 2009లో తేలింది. ఈస్టు జత కోసం వదిలే ఏ-ఫ్యాక్టర్ కూడా ఇలాగే బయటికొస్తుంది.

గంజాం కుర్రాడు
హెడ్జ్‌హాగ్‌కీ కొలెస్ట్రాల్ అంటుకునే ఉంటుంది కదా మాస్టారూ! రిడక్టేజ్ దాన్నే దూరం పంపుతుందని షెడ్ల్ వాళ్ళ వాదన. మరి మేడమ్ అంత తేలిగ్గా కొట్టేస్తే ఎలా?

పర్లాకిమిడి మాస్టారు
2009లో లేమన్ వాళ్ళు మళ్ళీ పరీక్షిస్తే హెడ్జ్‌హాగ్ దారి చూపుతున్నట్టు కనబడలేదు. నా అనుమానం వేరే ఉంది. బీజకణాలకు రంగు పట్టించే వాసా యాంటీబాడీ పెట్టిన పిండాలు ఒకప్పుడు నేనూ లెక్కపెట్టాను. నలభై గోధుమరంగు చుక్కలు, వాటిలో ఆరేడు ఎటో పోయాయి. ఎందుకు పోయాయో చుక్క చెప్పదు! హెడ్జ్‌హాగ్ పిండం ఖండాలనే తీర్చే జన్యువు, అది చెడితే జననగ్రంథి కణాలే సరిగా ఏర్పడకపోవచ్చు. చేరాల్సిన ఇల్లే కట్టకపోతే ఉత్తరం తిరిగొస్తుంది, పోస్ట్‌మాన్‌ది తప్పా?

సిరోంచ అక్క
ఆ మాట రిడక్టేజ్‌కీ పడతది గదా?

పర్లాకిమిడి మాస్టారు
పడదమ్మా. అది లేని పిండాల్లో ఇల్లు కట్టే ఉంటుంది, అతిథులే రారు.

గంజాం కుర్రాడు
అయితే స్లైడు మారుస్తాను: "రిడక్టేజ్ ఉన్నచోటికి చేరతాయి, పిలిచే సరుకు ఏదో ఇంకా పట్టుబడలేదు." మేడమ్ ఒప్పుకుంటారంటారా?

సిరోంచ అక్క
ఒప్పుకోకుంటే 2009 పేపర్ల హెడ్జ్‌హాగ్‌ను ఎట్ల కొట్టేసిన్రో ఆమెనే బొమ్మ గీసి చెప్పమను తమ్మీ.